ఊరందరి దగ్గు

నాకు ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పోతుందన్న నమ్మకం కూడా లేదు.

పోయిన వారం మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి మిర్యాలగూడ వెళ్లాను. బస్సు దిగి రైసు మిల్లుల రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఆగితే, పక్క బల్ల మీద తలకు తువ్వాలు చుట్టుకున్న హమాలీ ఒకతను దగ్గాడు. లోపల ఏదో గీరుకుపోతున్నట్టు పొడి దగ్గు, చివర్లో సన్నటి ఈల. నేను గ్లాసు కింద పెట్టేసి, ముందూ వెనకా చూసుకోకుండా, "అన్నా, ఎక్స్‌రే తీయించుకున్నావా?" అని అడిగేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "మిల్లు దుమ్మమ్మా. గింతే" అన్నాడు. అంతే, నా ఒళ్లు మండిపోయింది. అదే మాట, అదే నిర్లక్ష్యం. పాపం అతనికేం తెలుసు, తను ఎవరి మాట అప్పజెప్పాడో. నేను టీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

మునగాల పక్కన చిన్న ఊరు మాది. నేను అక్కడ ఆశా కార్యకర్తను. పుట్టిల్లు కోదాడ. నేను చెబుతున్న మనిషి మా ఆయనకు వరుసకు బాబాయి, అంటే నాకు మామ. వరుసతో పని లేకుండా ఊళ్లో సగం మందికి ఆయన మామే. వయసులో ఉండగా మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసి, నడుం పట్టేశాక ఊరికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడని మాటే గానీ, ఒక్క పూట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు.

ఆయన పని ఏమిటంటే, ఊళ్లో వాళ్లందరి బదులు వెళ్లడం. ఎక్కడికి అంటారా? ఎక్కడికైనా. సొసైటీ దగ్గర యూరియా కోసం లైను కడితే, జనం చెప్పులు వరసలో వదిలేసి ఇళ్లకు పోయేవాళ్లు. ఆ చెప్పుల వరస పక్కన చెట్టు నీడలో ఈయన. ఎవరి చెప్పైనా వెనక్కి జరిగితే ఊరుకునేవాడు కాదు, యుద్ధమే. సూర్యాపేట పెద్ద దవాఖానకు ఎవరైనా వెళ్లాలంటే, ముందు బస్సుకు ఈయన వెళ్లి ఓపీ చీటీ రాయించి పెట్టేవాడు. ఒకసారి హుజూర్‌నగర్‌లో పక్కింటివాళ్ల దూరపు చుట్టం పోతే, వాళ్లకు కోతల్లో తీరిక లేక ఈయన్ని పంపారు. సాయంత్రం బస్సు దిగి వచ్చి, "మీ అందరి బదులు మంచిగ ఏడ్చొచ్చిన. వాళ్లేం అనుకోలే" అని చెప్పాడు. పక్కింటామె మనసు నిజంగానే తేలికపడింది! 

"నేను లేనా ఏంది?" అనేది ఆయన ఊతపదం. ఎవరైనా ఫలానా పని ఎలారా దేవుడా అనుకునేలోపే ఈ మాట వచ్చి పడేది. మాట మధ్యలో దగ్గు వస్తే, మొహం పక్కకు తిప్పి, ఆగమన్నట్టు ఒక వేలు పైకెత్తి, దగ్గడం అయ్యాక మాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకునేవాడు. ఎదుటివాళ్లు కూడా ఆ వేలు దిగేదాకా ఓపిగ్గా నిలబడేవాళ్లు. ఊరికి అలవాటైపోయింది.

నాకు అలవాటు కాలేదు. నా పనే అది కదా. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే దవాఖానకు పంపమని మాకు చెప్పి పంపిస్తారు. ఈయన దగ్గు ఎన్ని వానలు చూసిందో ఎవరికీ గుర్తు లేదు. కనపడ్డప్పుడల్లా పోరేదాన్ని.

"మామా, సూర్యాపేట ఎట్లాగూ వెళ్తున్నావు కదా. ఆ చేత్తోనే ఒక ఎక్స్‌రే తీయించుకోరాదా?"

"ఇది మిర్యాలగూడ దగ్గు బిడ్డా. మిల్లుల చేసినోళ్లందరికి ఉంటది. రోగం గాదు. మీ కోదాడోళ్లకు ప్రతిదీ రోగమే."

ఇంకేం మాట్లాడతాం? గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే.

ఆయన ఎలాంటి మనిషో తెలియాలంటే బీపీ సంగతి చెప్పాలి. అత్తమ్మకు, అంటే ఆయన భార్యకు, బీపీ ఉంది. నెలకోసారి నేను చూసి రాయాలి. ఒకరోజు మిషన్ సంచీలో వేసుకుని వెళ్తే ఆమె లేదు. అరుగు మీద ఈయనే ఉన్నాడు.

"అత్తమ్మేది మామా?"

"పెసరు చేనుకు పోయింది. రా, నా చెయ్యికి కట్టు."

"నీది కాదు. ఆమెది కావాలి."

"ఒక్క కుండల కూడు తింటున్నం, ఒక్క కప్పు కింద పంటున్నం. ఇద్దరికి ఒక్కటే ఉంటది తియ్యి. నాది చూసి ఆమె పేరు మీద రాసుకో."

చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచేశాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గట్టిగానే కేకలేశాను. ఆయన చిన్నబుచ్చుకుని, "నీకు మళ్ల మళ్ల తిరుగుడు తప్పిద్దామని అన్న. గంత కోపమేంది" అన్నాడు. అదీ ఆయనతో చిక్కు. అరిచినవాళ్లే చెడ్డవాళ్లయ్యేవాళ్లు.

ఇలాంటి మనిషి ఉన్న ఊరికి ఏఐ వచ్చింది.

మమ్మల్ని సూర్యాపేట పిలిచి, హాల్లో కూర్చోబెట్టి, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్ర సారు ఒకరు వివరంగా చెప్పారు. పల్లెటూళ్లలో డాక్టర్లు లేరు, ఎక్స్‌రే కోసం అందరినీ కోదాడకో సూర్యాపేటకో తిప్పలేం, అందుకని ముందు ఫోనే వడపోస్తుంది. ఈ మిషన్ లెక్కలేనంత మంది దగ్గు విని నేర్చుకుంది. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, నొక్కితే యాప్ తెరుచుకుని ఏం చేయాలో మాటలతోనే చెబుతుంది, మూడుసార్లు దగ్గితే, టీబీ అనుమానం ఉంటే ఎర్ర గుర్తు, లేకపోతే పచ్చ గుర్తు చూపిస్తుంది. ఎర్ర గుర్తు వచ్చినవాళ్లను ఎక్స్‌రేకు తెస్తే చాలు. అబద్ధమెందుకు, నాకు భలే నచ్చింది. చలిలో, ఎండలో, తెమడ డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినదాన్ని నేను. ఈ ఫోను ఏదో నా కాళ్ల నొప్పులు తీర్చడానికే పుట్టిందనుకున్నాను.

ఊరికొచ్చి, సాయంత్రాలు గడప గడపా ఎక్కి చెప్పాను. ఎవరి ఫోన్‌లో వాళ్లే దగ్గాలి, మరిచిపోవద్దు అని గొంతు పోయేలా చెప్పాను. అందరూ బుద్ధిగా తలూపారు.

కానీ అవి నాట్ల రోజులు. నాట్లకు పోయే ఆడవాళ్లు ఫోను వెంట తీసుకుపోరు. వంగినప్పుడు జాకెట్‌లోంచి జారి మడిలో పడిందంటే దాని పని ఖతం. అందుకని మా వాడలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పోతూ పోతూ ఫోన్లు మామ అరుగు మీద పెట్టిపోతారు. ఆయన వాటిని చేటలో పేర్చుకుని, ఏ కవరు ఎవరిదో గుర్తుపెట్టుకుని, మోగినదల్లా ఎత్తుతాడు. "ఆమె నాటుల ఉన్నది. నేను మామను మాట్లాడుతున్న. ఏం సంగతి?" అవతల ఎవరైనా సరే, బ్యాంకువాళ్లయినా, కొత్తల్లుడైనా, ఇదే పలకరింపు. ఆయన సొంతానికి ఉన్నది మాత్రం రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న బటన్ల ఫోను. దాంట్లోకి ఈ యాప్ రానే రాదు, ఆ మెసేజూ రాదు.

మెసేజ్‌లు వచ్చిన రెండు రోజులకే మా వాడ మీద పిడుగు పడింది. అన్నీ ఎర్ర గుర్తులే! ఇంటికొకటి చొప్పున వరసగా ఎరుపు. జన్మలో గట్టిగా తుమ్మి ఎరుగని మనిషికి కూడా ఎరుపే. పై నుంచి ఫోన్లు, కింద నుంచి ఏడుపులు. ఒకామె చంటిపిల్లకు పాలివ్వడం మానేసింది. ఒకామె అత్త ఆమె కంచం, చెంబు వేరు చేసింది. ఇంత జరుగుతున్నా ఒక్కరంటే ఒక్కరు, "అసలు నేను దగ్గనే లేదు" అని నాతో అన్నారా? అనలేదు. వాళ్ల దృష్టిలో ఆ పని అయిపోయింది, ఎప్పటిలాగే మామ చూసుకున్నాడు.

డీసీఎం వ్యాను మాట్లాడి, నాట్లు ఆపించి, వాడవాడంతా సూర్యాపేటకు తోలుకెళ్లాం. పెద్దమనిషి మామ లేకుండా ఎలా? ముందు బస్సుకే వెళ్లి, మేం దిగేసరికి చీటీలన్నీ రాయించి గేటు దగ్గర నిలబడ్డాడు. ఎక్స్‌రే గది ముందు వరస సర్దాడు, ఆడవాళ్ల పుస్తెలతాళ్లు తీయించి కొంగులకు ముడి వేయించాడు, భయపడినవాళ్లకు ధైర్యం చెప్పాడు. మధ్య మధ్యలో వేలు పైకెత్తి దగ్గాడు.

అప్పుడు కూడా నేను చెప్పాను. "మామా, వచ్చావు కదా, నువ్వూ తీయించుకో."

"నాకు మెసేజ్ రాలే కదా బిడ్డా."

నేను ఊరుకోకుండా ఎక్స్‌రే తీసే అతన్ని బతిమాలాను. అతను చేతిలో ఫోను చూసుకుంటూ, "యాప్‌లో పేరుందా?" అన్నాడు. లేదన్నాను. "పేరు లేకపోతే ఈరోజు కుదరదమ్మా, ఇంకో రోజు ఓపీకి రమ్మను. పెద్దాయనా, దగ్గేదుంటే బయటకెళ్లి దగ్గు. లోపల జనం ఉన్నారు." మామ ఏమాత్రం నొచ్చుకోకుండా, "నిజమే సారూ" అని బయటకెళ్లి వేపచెట్టు కింద నిలబడి దగ్గాడు. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉన్నాడు.

ఫొటోలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కరికీ ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో వ్యానంతా నా మీద పడింది. నీ ఫోను పాడుగాను, నాట్లు చెడగొట్టావు, మొగుళ్లతో తిట్లు తినిపించావు అని. నన్ను వెనకేసుకొచ్చిందెవరు? ఆయనే.

"బిడ్డను అనకుండ్రి. ఆమె ఏం జేస్తది? మిషన్‌కు ఏం తెలుస్తది, ఎవరు రోగమోళ్లో ఎవరు కాదో!"

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటా కొరుకుతాను.

పైవాళ్లు కూడా అదే తేల్చారు. మా ఊళ్లో మిషన్ పనిచేయడం లేదట. దుమ్ము వల్లో, పక్కనే హైవే లారీల చప్పుడు వల్లో తికమకపడుతోందట. మా ఊరిని పక్కన పెట్టేశారు. నాట్లు అయ్యాయి, కలుపులు అయ్యాయి, వరి పొట్టకొచ్చింది. మామ లుంగీ నడుం మీద నిలవడం లేదని అత్తమ్మ మొలతాడు బిగించి కట్టింది. "వయసు పిల్లా" అన్నాడు నాతో.

బతుకమ్మలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆ కుర్ర సారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. గొంతులో అదోరకం హుషారు. "అమ్మా, మీ ఊరి రికార్డింగులు ఇప్పుడు కూర్చుని విన్నాను. ఇవన్నీ ఒక్క మనిషి దగ్గేనమ్మా! వినండి" అని పెట్టారు. ముందు యాప్‌లోని ఆడగొంతు, "దయచేసి మూడుసార్లు దగ్గండి" అంది. దానికి జవాబుగా, "దగ్గుతనమ్మా, జర ఆగు. గిది ఎంకటమ్మది" అని వినపడింది. తర్వాత ఆ దగ్గు. ఇంకోటి పెట్టారు. "గిది మా పక్కింటి కోడలిది. మంచిగ చూడు తల్లీ, చంటిపిల్ల తల్లి." మళ్లీ అదే దగ్గు, చివర్లో అదే ఈల.

మిషన్ ఇన్ని రోజులూ దగ్గొక్కటే విందట, మాటలు దానికి అక్కర్లేదట. మనిషన్నవాడు ఎవడూ అప్పటిదాకా వినలేదట. ఫోను పట్టుకునే ఆయన అరుగు దగ్గరకు పరిగెత్తాను.

"ఏంటి మామా నువ్వు చేసిన పని? అందరి ఫోన్లలో నువ్వు దగ్గావా?"

"దగ్గిన. వాళ్లు నాట్లకు పోయిండ్రు. ఫోను దగ్గుమంటున్నది. మధ్యల ఇడిసిపెడితే మళ్ల నీకు మాటొస్తదని దగ్గిన. నేను లేనా ఏంది?"

"ఎవరి దగ్గు వాళ్లే దగ్గాలని చెప్పానా లేదా?"

అప్పటికి చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె అందుకుంది. "మా ఫోన్లనే కదక్కా దగ్గింది. ఫోన్ మాదే, పేరు మాదే. ఇంక వేరేటోళ్లది ఎట్లయితది?"

వాళ్లను చూశాను, ఆయన్ని చూశాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ఓ మహాతల్లుల్లారా! ఆ రోగం మీది కాదు, ఈయనది. మీ అందరికీ చెప్పినట్టు కనపడింది గానీ, ఆ ఫోను అన్నిసార్లూ ఈయన ఒక్కడి గురించే మొత్తుకుంది!" అని అరిచాను. మామ వేలు పైకెత్తి, దగ్గి, "అయితే వీళ్లకేం లేనట్టే కదా. మంచిగయింది" అన్నాడు.

ఇలాంటి మనిషిని ఏం చేయాలి, మీరే చెప్పండి.

ఆ పూటే ఆటోలో కూలేసి సూర్యాపేట తీసుకెళ్లాను. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "రెండు వైపులా తినేసిందమ్మా. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?" అని నా మీద కోప్పడింది. "ఊరందరినీ తీసుకొచ్చామండీ, ఈయన్ని తప్ప" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

మందులు మొదలుపెట్టారు, వార్డులో చేర్చుకున్నారు. పడుకున్నాడా? నేను వెళ్లినప్పుడల్లా మంచం ఖాళీ. దామరచర్ల నుంచి వచ్చిన ముసలాయనకు చాయ్ తేవడానికో, ఇంకెవరి రక్తపరీక్ష కాగితాల కోసమో కిందికి దిగి, మెట్ల మీద ఆయాసంతో కూలబడి ఉండేవాడు. ఒకసారి అక్కడే నిలబెట్టి కడిగేశాను. "నీ బదులు ఊపిరి పీల్చడానికి ఎవరొస్తారు మామా? నేను రావాలా?" ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. వేలు ఎత్తబోయాడు గానీ, చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

చలి ముదిరాక పోయాడు. మేం చేర్చినదానికి రెండు మూడు నెలలు ముందు వచ్చి ఉంటే మందులు పట్టేవని డాక్టరమ్మ చెప్పింది. రెండు మూడు నెలల ముందు ఆయన అక్కడే ఉన్నాడు, ఎక్స్‌రే గది బయట, చీటీలు పట్టుకుని. అత్తమ్మకు కూడా పరీక్షలు చేయించాం. ఏమీ లేదు. ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు, నేనే ఎదురుగా కూర్చుని మింగిస్తున్నాను.

ఆ తర్వాత సూర్యాపేటలో మీటింగు పెట్టారు. కుర్ర సారు తెర మీద మా ఊరి బొమ్మ వేసి, ఈ ఊళ్లో మిషన్ తప్పిందని అందరం అనుకున్నాం, నిజానికి ఒక్కసారి కూడా తప్పలేదు, విన్న ప్రతిసారీ జబ్బును పట్టేసింది అని చెప్పారు. హాలంతా చప్పట్లు. కేసు పట్టుకున్న కార్యకర్తనని నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. "ఆ మనిషి పోయాడు సార్" అన్నాను మైకు దగ్గరే. సారు మంచివారే, మొహం చిన్నబోయింది. "అవునమ్మా, దురదృష్టం. ఇకనుంచి ఎదురుగా ఉండి దగ్గిస్తాం" అన్నారు. తెర మీద ఇంకో ఊరు వచ్చింది. ఒళ్లు మండి, ఆ శాలువా బస్సు కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. పారేయలేదు.

మునగాలలో దిగి, ఇంటికి కూడా పోకుండా అత్తమ్మ దగ్గరకు వెళ్లాను. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏందే పిల్లా, సూర్యాపేట పోయినవంట?"

"పోయాను అత్తమ్మా. మీటింగు. ఇదిగో, ఇది ఇచ్చారు" అని శాలువా ఆమె పక్కన పెట్టాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, అంచు పట్టుకుని చూసి, మళ్లీ కాయ అందుకుంది. "మంచిగున్నది. మెత్తగున్నది. గీ ముక్క కోసం పొద్దంత పని ఇడిసిపెట్టి, గంత దూరం నువ్వు పోవాల్నా? మీ మామను తోలితే తెచ్చేటోడు గదనే."

అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. సగం ఒలిచిన కాయ వేళ్ల మధ్యే ఉండిపోయింది. ఎవరినో ఒకరిని గట్టిగా తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆమె ఒళ్లోని కాయలు నా కొంగులోకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.